పెళ్లి మందు కాదండీ: సంబంధాలు చూసే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

పెద్దమ్మలకు, పిన్నులకు, మేనత్తలకు, బాబాయిలకు, మ్యారేజ్ బ్యూరోలు నడిపేవాళ్లకు, వాట్సాప్ గ్రూపుల్లో బయోడేటాలు పంపుకునే అందరికీ నమస్కారం.

నాకు 28 ఏళ్లు. బీఫార్మసీ చదివి రాజమండ్రిలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తున్నాను. డిప్రెషన్‌కి చాలాకాలం మందులు వాడాను. ఇప్పుడూ తక్కువ డోసులో వాడుతున్నాను, డాక్టరుగారు ఆపమన్నప్పుడు ఆపుతాను. ఇంకా పెళ్లి కాలేదు. చదువు, ఉద్యోగం మాట అటుంచి, మందులూ పెళ్లీ అన్న రెండు ముక్కలే మీ చెవిన పడి ఉంటాయి. నేను రాయబోయేదీ ఆ రెండింటి గురించే.

ఇలాంటి ఉత్తరం ఆరోగ్యశాఖ మంత్రికి రాయాలి గానీ చుట్టాలకు రాస్తారా అని షాపులో నాతో పనిచేసే కుర్రాడు అన్నాడు. మంత్రిగారికి రాయాల్సినవి వేరే ఉన్నాయి. సర్కారు కనీసం కాగితం మీదైనా కొన్ని పనులు చేసింది. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తెచ్చారు, 2018లో అమల్లోకి వచ్చింది. వైద్యం అందుకోవడం హక్కు అని, ఆ వివరాలు గుట్టుగా ఉంచాలని, ఒకప్పుడు వైద్యం చేయించుకున్నంత మాత్రాన ఇప్పుడూ జబ్బు ఉన్నట్టు తేల్చకూడదని అందులో రాశారు. మిగతా జబ్బులకు ఇచ్చినట్టే వీటికీ ఆరోగ్య బీమా ఇవ్వాలన్నారు. 2022 అక్టోబరు 10న మనసు బాగోలేనివాళ్లు ఫోను చేసి మాట్లాడుకోవడానికి టెలీ మానస్ పేరుతో 14416 నంబరు మొదలుపెట్టారు. ఆ ఫోనుకి పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఇన్ని ఉన్నా, మా ఇళ్లలో ఆడపిల్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా, వెళితే ఎన్నాళ్లు మందులు వాడాలి, ఎప్పుడు మానేయాలి అని తేల్చేది మీరే. అందుకని మీకే రాస్తున్నాను.

ఒక్క గంట మా కౌంటరు దగ్గర నిలబడి చూడండి. షుగరు మాత్రలు కొనేవాళ్లు పేరు గట్టిగా చెప్పి మరీ అడుగుతారు. బీపీవాళ్లయితే పక్కవాళ్లతో డోసులు పోల్చుకుంటారు. థైరాయిడ్ అయితే ఈమధ్య ఆడవాళ్లకు పరువుగల జబ్బు అయిపోయింది, పేరంటాల్లో కూడా మాట్లాడుకుంటున్నారు. ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందుకి చీటీ తెచ్చే అమ్మాయి మాత్రం జనం లేని వేళ చూసుకుని వస్తుంది. చీటీ నాలుగు మడతలు పెట్టి ఉంటుంది. 'మేడం, స్ట్రిప్ వద్దు, మాత్రలు విడిగా ఒలిచి కవర్లో వేసిస్తారా?' అంటుంది. అలా ఇవ్వకూడదమ్మా, తేమ తగిలితే పాడవుతాయి, ఎక్స్‌పైరీ ఎప్పుడో తెలియకుండా పోతుంది అంటాను. 'అయితే పేరున్న చోట కత్తిరించి ఇవ్వండి' అంటుంది.

ఒకామె థైరాయిడ్ మాత్రల ఖాళీ సీసా వెంట తెచ్చుకుంటుంది. (వావివరసలు, ఆనవాళ్లు మార్చి రాస్తున్నాను, వెతక్కండి.) కౌంటరు పక్కన నిలబడి ఒక్కొక్క మాత్రా ఒలిచి అందులో వేసుకుని, స్ట్రిప్పుని మా చెత్తబుట్టలోనే పడేసి వెళుతుంది. ఆవిడ అత్తగారు మోకాళ్ల నొప్పులకి మందులు కొనేది కూడా మా దగ్గరే. 'మా కోడలికి థైరాయిడ్ ఎంతకీ కంట్రోలుకి రావట్లేదమ్మా, మంచి కంపెనీదే ఇస్తున్నావా?' అని బెంగగా అడుగుతారు. ఆవిడ మంచి మనిషి. కోడలంటే అభిమానం ఉన్నావిడ. అసలు సంగతి చెబితే అర్థం చేసుకుంటారో లేదో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఎవరూ చెప్పి చూడలేదు. చెప్పొద్దని పెళ్లికి ముందే కోడలి పుట్టింటి పెద్దలు కట్టడి చేశారు.

ఇక నా సంగతి. 24 ఏళ్లప్పుడు మొదలైంది. లవ్ ఫెయిల్యూరా, షాపులో ఎవరైనా ఏమైనా అన్నారా, ఎవడైనా ఇబ్బంది పెడుతున్నాడా అని అందరూ కారణం అడిగారు. ఏమీ లేదు. ఏదో ఒకటి ఉంటే చెప్పుకోవడానికి తేలిగ్గా ఉండేది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది, మళ్లీ కన్ను మూతపడేది కాదు. బ్రష్ మీద పేస్టు వేసుకుని, దాంతో ఏం చేయాలో తోచక బాత్రూంలో అలా నిలబడిపోయేదాన్ని. తల దువ్వుకోవడం మానేశాను. ఒకరోజు అమ్మ నన్ను గడప దగ్గర కూర్చోబెట్టి, జడ విప్పి, చిక్కు పడి ఉండకట్టిన జుట్టు మీద కొబ్బరినూనె పోసి మధ్యాహ్నం అంతా పాయ పాయా విడదీసింది. విడదీస్తున్నంతసేపూ తిట్టింది, తిడుతున్నంతసేపూ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. డిప్రెషన్ అంటే ఎప్పుడూ ఏడుస్తూ కూర్చోవడం అనుకుంటారు జనం. నాకు మాత్రం ఏడుపు సహా ఏదీ రాకపోవడమే జబ్బు. పులస పులుసు పెట్టినా రుచి తెలిసేది కాదు, గోదావరి జిల్లాలో పుట్టినదానికి ఇంతకంటే లక్షణం ఏం కావాలి! షాపులో మాత్రం 'చెప్పండి సార్' అని నవ్వేదాన్ని. ఆ నవ్వు చూసి, ఇంటికొస్తేనే దీనికి రోగం అని ఇంట్లోవాళ్లు అనుకున్నారు.

దిష్టి తీశారు. పొయ్యిలో వేసిన మిరపకాయలకి ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిదే అన్నారు. శ్రీకాళహస్తి తీసుకెళ్లి రాహుకేతు పూజ చేయించారు. అమ్మకు తెలిసిన దారులన్నీ అమ్మ తొక్కింది, ఆవిణ్ని నేనేమీ అనను. బస్సులో వెళ్లినంతసేపూ నా చెయ్యి వదల్లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లే దారి ఒకటుందని ఆవిడకి చెప్పాల్సింది చదువుకున్న పెద్దలు. ఆ పెద్దలు చెప్పింది వేరు. మా మేనత్త వచ్చి, నా మొహం చూసి, వంటింట్లో అమ్మతో అన్నమాట హాల్లోకి వినపడింది: 'ఈడొచ్చిన పిల్ల వదినా, మూడు ముళ్లు వేయించెయ్యి. అదే కుదురుకుంటుంది.'

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అని మనవాళ్లు ఎప్పుడో నవ్వులాటకి అన్నారు. మీరు దాన్ని నిజంగానే వైద్యం అనుకుంటున్నారు.

డాక్టరు మాట ఎత్తగానే మా బాబాయి, 'ఎర్రగడ్డకా, వాల్తేరుకా?' అని నవ్వాడు. మానసిక ఆసుపత్రి అంటే హైదరాబాదువైపు ఎర్రగడ్డ, మావైపు విశాఖ చినవాల్తేరు. రెండు మంచి పేటల పేర్లు మన నోట్లో పడి తిట్లయిపోయాయి. అక్కడ తరాల తరబడి వైద్యం చేస్తున్న డాక్టర్లు, నర్సులు, బాగై ఇళ్లకు వెళ్లి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు ఈ జోకులు వింటూనే ఉంటారు. నేను వెళ్లింది మామూలు ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి. పక్క గదిలో చర్మవ్యాధుల డాక్టరు, ఎదురుగా పళ్ల డాక్టరు. ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించారు, ఎందుకంటే వాటిలో తేడా ఉన్నా మనిషి ఇలాగే అయిపోవచ్చు. తర్వాత గడిచిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, చేసే పని మీద మనసు నిలుస్తోందా అని తొమ్మిది ప్రశ్నలు అడిగారు. తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా అన్నది. నేను జవాబు చెప్తుంటే అమ్మ పక్కనే ఉంది. ఆ రోజు తర్వాత ఇంట్లో కొన్నాళ్లపాటు పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. మా మేనత్త ఫోను చేస్తే అమ్మ, 'దాని ఒంట్లో బాగోలేదు వదినా, బాగయ్యాక చూద్దాం' అంది. అమ్మ అలా అనడం అదే మొదలు.

నాకు ఈ జబ్బు ఆడపిల్లని కాబట్టి వచ్చిందని నేను అనను. అబ్బాయిలకూ వస్తుంది, 'మగాడివై ఉండి ఏంటిది' అనే మాటకు జడిసి వాళ్లు ఇంకా లోపల దాచుకుంటారు. కాకపోతే ప్రపంచంలో ఎక్కడ చూసినా మగవాళ్లకంటే ఆడవాళ్లలోనే ఇది ఎక్కువ. అందులో ఒంటి మార్పుల వాటా కొంత, మేం బతికే బతుకు వాటా కొంత. 'కార్యేషు దాసీ' శ్లోకం పెళ్లి ఉపన్యాసాల్లో మీకెంత ఇష్టమో! ఒకే మనిషిలో ఆరుగురిని అడుగుతుంది ఆ శ్లోకం. ఆ ఆరుగురిలో ఒక్కరికైనా ఒంట్లో బాగోకపోవడం ఉండదు. ఆడపిల్ల నీరసంగా ఉంటే బద్ధకం, మాట్లాడకపోతే పొగరు, పొద్దెక్కి లేస్తే దరిద్రం, రాత్రి నిద్రపోకపోతే ఫోను పిచ్చి. ఇన్ని పేర్లు పెట్టాక జబ్బు అనే పేరుకి ఇంకెక్కడ చోటు మిగులుతుంది?

ఫార్మసిస్టుగా కొన్ని సంగతులు చెప్పనివ్వండి, ఇవి నాకు బాగా తెలిసినవి. డిప్రెషన్ మందులు నిద్రమాత్రలు కావు. నిద్రకీ ఆందోళనకీ ఇచ్చే అల్ప్రజోలామ్ లాంటివి అలవాటైపోయే ప్రమాదం ఉంది, అందుకే వాటిని షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితాలో పెట్టారు, రిజిస్టరులో పేరు రాసుకుని గానీ ఇవ్వం. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు ఆ కోవలోవి కావు. అయితే ఇవి వేసుకున్న మర్నాడే పనిచేయవు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా కడుపులో తిప్పడం, తలనొప్పి ముందొస్తాయి. మేలుకన్నా ముందు ఇబ్బందే కనపడుతుంది కాబట్టి చాలామంది మొదటి స్ట్రిప్పు పూర్తికాకుండానే మానేస్తారు. మనసు తేలికపడ్డాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఉన్నట్టుండి ఆపేస్తే కళ్లు తిరుగుతాయి, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది, నిద్ర పట్టదు, అయినదానికీ కానిదానికీ చిరాకొస్తుంది. తగ్గిన జబ్బు మళ్లీ తిరగబెట్టొచ్చు. ఖరీదంటారా, జనరిక్ మందయితే రోజుకి టీ ఖర్చు కూడా కాదు.

ఇప్పుడు మన పంచాంగం తీయండి. మాఘం, వైశాఖం, శ్రావణం, ముహూర్తాలు దగ్గర పడేకొద్దీ నెలనెలా మా షాపుకొచ్చే అమ్మాయిలు కొందరు రావడం మానేస్తారు. బాగైపోయి అనుకునేరు! సంబంధం కుదిరిందన్నమాట. ఒకమ్మాయి చివరిసారి వచ్చి, 'ఇక తీసుకోను మేడం, అత్తారింట్లో చూస్తే బాగోదని అమ్మ వద్దంది' అని చెప్పి వెళ్లింది. డాక్టరుకి చెప్పావా అంటే లేదంది. డోసు తగ్గించడం గురించి నేను చెబుతుంటే వాళ్లమ్మ స్కూటీ హారన్ కొడుతోంది. నగలషాపుకి టైమవుతోందట.

ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. తెల్లవారుజామున మంగళస్నానం, అర్ధరాత్రి ముహూర్తం, వరసగా నిద్రలేని రాత్రులు, సత్యనారాయణ వ్రతం, మూడు నిద్రలు. కొత్త ఇల్లు, కొత్త వంటిల్లు, ఎవరు ఏ గ్లాసులో కాఫీ తాగుతారో గుర్తుపెట్టుకోవడం, తలుపు గడియ పెట్టుకుని కాసేపు ఒంటరిగా పడుకోవడానికి వీల్లేకపోవడం. నిక్షేపంలా ఉన్న అమ్మాయికే దిమ్మ తిరిగే రోజులవి. మందు ఉన్నట్టుండి ఆపించి, అచ్చంగా ఆ రోజుల్లోకే ఈ పిల్లని పంపుతారు. పదహారు రోజుల పండగ నాటికి కోడలు మూలన కూర్చుంటుంది, పిలిస్తే పలకదు. అప్పుడు అటువైపు పెద్దలు వస్తారు. 'ముందునుంచే ఉందట కదా, దాచి అంటగట్టారు.' ఇటువైపు పెద్దలు, 'మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ పువ్వులా ఉంది, మీరేం చేశారు?' రెండు వైపులా పెద్దమనుషులు కుర్చీలు వేసుకుని మాట్లాడతారు గానీ, ఆపిన మాత్ర మళ్లీ మొదలుపెడదాం అనే మాట ఏ పక్కనుంచీ రాదు.

'చెబితే సంబంధం పోతుంది, దాస్తే కాపురం నిలబడుతుంది' అనేది మీ వాదన. దాంతో పాటు కోర్టు భయం ఒకటి. లాయర్ని కాదు గానీ, తెలుసుకున్నంతవరకు చెబుతాను. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత మాట ఉన్నది నిజమే. అయితే పెళ్లికీ పిల్లల్ని కనడానికీ పనికిరానంత తీవ్రంగా ఉండాలి అని తూకం పెట్టారు. ఇదే చట్టంలో ఒకప్పుడు మూర్ఛరోగం ఉన్నా పెళ్లికి అభ్యంతరమే, 1999లో దాన్ని తీసేశారు. రాత్రి మాత్ర వేసుకుని పొద్దున్నే డ్యూటీకి వెళ్లొచ్చే అమ్మాయి ఆ తూకానికి ఆమడ దూరంలో కూడా ఉండదు. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక తెలుగు దంపతుల కేసులోనే దీని గురించి తీర్పు చెప్పింది. ఇద్దరూ డాక్టర్లే. భార్యకు స్కిజోఫ్రెనియా ఉంది, విడాకులు కావాలని భర్త వెళ్లాడు. కింది కోర్టు ఇచ్చింది. హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. వైద్యవిద్య పూర్తిచేసి ప్రభుత్వ వైద్యాధికారిగా ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి కాపురానికి పనికిరానంత జబ్బు ఉందంటే ఎలా నమ్మమంటారని అడిగింది. డిప్రెషన్ కంటే ఎంతో బరువైన జబ్బు పేరు చెప్పినా ఒప్పుకోలేదు కోర్టు.

అదే చట్టంలో 12వ సెక్షన్ కూడా ఉంది. ముఖ్యమైన సంగతి దాచి, మోసం చేసి ఒప్పించారని రుజువైతే పెళ్లి రద్దు చేయమని అడిగే దారి అది. జబ్బు ఉండటం వల్ల రాని కేసు దాచడం వల్ల వస్తుంది. కాపురం నిలబడాలని మీరిచ్చే సలహాయే అవతలివాళ్ల చేతికి కాగితం అవుతోంది.

అబ్బాయిల విషయంలో మీ మనసు ఎంత విశాలమో తలచుకుంటే ముచ్చటేస్తుంది. 'కాస్త తాగుతాడట, పెళ్లైతే మానేస్తాడు లెండి.' 'కోపం ఎక్కువట, పిల్ల వస్తే చల్లబడతాడు.' ఇవి మీ నోటితోనే విన్నాను, ఒకటి మా ఇంటి అరుగు మీదే. అబ్బాయి తాగుడుకి పెళ్లి మందు, అమ్మాయి మందుకి పెళ్లి అడ్డు. ఆ తాగేవాడిని మార్చాల్సిన పిల్ల ఎక్కడినుంచి వస్తుందంటే, మాత్రలు ఆపించి పంపిన ఇంటినుంచి.

బాలింతల గురించి ఒకమాట రాయకుండా ఉండలేను. మనవైపు మొదటి కాన్పు పుట్టింట్లో. చెవుల్లో దూది, నడుముకి గుడ్డ, గాలి తగలకుండా కిటికీలు మూత, పథ్యం కూర, వెల్లుల్లి కారం, సాంబ్రాణి పొగ. ఒంటిని అంత జాగ్రత్తగా చూసే అమ్మమ్మలు, పెద్దమ్మలు మనకున్నారు, అది మన అదృష్టం. బాలింత ఏం తిందో, ఎన్నిసార్లు తిందో, బిడ్డ ఎన్నిసార్లు పాలు తాగిందో అన్నీ అడుగుతారు. 'ఎలా ఉందే నీకు?' అని మాత్రం అడగరు. బిడ్డను ఎత్తుకుంటే ప్రేమ రాకుండా భయం వేస్తోందని చెప్పుకున్న ఒక బాలింత తెలుసు నాకు. 'తప్పు తప్పు, అలా అనకూడదు, కళ్లు పోతాయి' అన్నారు. బిడ్డ బంగారంలా ఉన్నాడు, మొగుడు వారంవారం వచ్చి వెళ్తున్నాడు, నీకేం తక్కువ అన్నారు. కాన్పు తర్వాత మొదటి వారంలో కాస్త దిగులు చాలామందికి వచ్చి పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే అది చూపించుకోవాల్సిన జబ్బు. పాలిచ్చే తల్లులకూ వాడదగ్గ మందులున్నాయి, డాక్టరు చూసి ఇస్తారు. చెవిలో దూది పెట్టేటప్పుడే 'ఎలా ఉందే నీకు?' అని కూడా అడగండి, మీకంటే బాగా అడగగలిగేవాళ్లు ఎవరూ లేరు.

పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి అన్నారు కదా. 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న ఆడవాళ్లు 45,026 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వాళ్లలో 23,178 మంది గృహిణులు. సగానికి పైనే. మీ లెక్క ప్రకారం వాళ్లంతా 'సెటిలైపోయినవాళ్లు', ఇక బెంగలేదని మీరు చేతులు దులుపుకున్నవాళ్లు. అందరిదీ డిప్రెషన్ అని నేను అనడం లేదు. కొట్టే మొగుళ్లు, కట్నం గొడవలు, అప్పులు అన్నీ ఉంటాయి అందులో. పెళ్లి వైద్యం అయితే మాత్రం ఆ అంకె అంత ఉండకూడదు.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో 85 శాతం మందికి వైద్యం అందడం లేదని అందులో తేలింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. ఇది మాత్రం మంత్రిగారికి రాయాల్సిన సంగతి, రాస్తాను. ఈలోగా మన దగ్గర లెక్క ఎంతో తెలియాలంటే మీ ఇళ్లలో థైరాయిడ్ సీసాలు తీసి చూసుకోవడమే.

ఎంక్వయిరీల సంగతికొద్దాం. అమ్మాయి చదివిన కాలేజీ, ఉండే వీధి, కిరాణా కొట్టు అయ్యాక మా షాపుకీ వస్తారు మీరు. 'ఫలానావాళ్ల అమ్మాయి ఏమైనా మందులు వాడుతోందామ్మా? సంబంధం అనుకుంటున్నాం, మన ఆడపిల్లలాంటిది, మంచికే అడుగుతున్నాం' అంటారు. ఒకాయన స్వీట్ ప్యాకెట్టు కూడా తెచ్చాడు, తాపేశ్వరం కాజాలు. కాజాలు వద్దని పంపేశాను, చెప్పలేదు. ఎవరు ఏ మందు కొంటున్నారో చెప్పడం మా వృత్తికి తగని పని. ఇలా అడిగేవాళ్లున్నారని తెలిసే అమ్మాయిలు చీటీ నాలుగు మడతలు పెడుతున్నారు. కొందరు పక్క ఊరికి బస్సెక్కి వెళ్లి కొనుక్కుంటారు. వర్షం వచ్చిన నెల వెళ్లరు.

అడగొద్దని నేను అనడం లేదు. కొడుక్కి పిల్లను చూసుకునేవాళ్లకి ఆరోగ్యం గురించి తెలుసుకోవాలని ఉంటుంది, ఆడపిల్లవాళ్లకీ ఉంటుంది. అడిగేదేదో ఆ అమ్మాయినే అడగండి, లేదా ఆ ఇద్దరినీ ఒకరినొకరు అడిగి తెలుసుకోనివ్వండి. పెళ్లిచూపుల్లో పది నిమిషాలు మేడ మీదికి పంపి, కింద టైము చూసుకుంటూ కూర్చోకుండా, రెండుమూడుసార్లు బయట కలవనివ్వండి. ఇప్పుడెలా ఉంది, పని చేసుకోగలుగుతున్నావా, డాక్టరు ఏమంటున్నారు, బాగోలేనప్పుడు నీకేం కావాలి, ఇవి అడగదగ్గ ప్రశ్నలు. 'వంశంలో ఎవరికైనా ఉందా' అని గుచ్చిగుచ్చి అడిగే ముందు, మీ వంశంలో ఆ మాట ఎత్తకుండా సంవత్సరాల తరబడి వెనకగదిలో కూర్చున్న మేనత్త ఎవరైనా ఉన్నారేమో ఒకసారి గుర్తుచేసుకోండి. దాదాపు ప్రతి ఇంట్లో ఉన్నారు.

ఆడపిల్ల తల్లిదండ్రులకు మీరు చెప్పాల్సింది కూడా ఉంది. పిల్ల రెండు వారాలుగా సరిగా నిద్రపోక, తినక, ఏ పనిమీదా ధ్యాస లేక ఉంటే, జాతకం పట్టుకుని బయల్దేరే ముందు పిల్లను పట్టుకుని ఆసుపత్రికి వెళ్లమనండి. దగ్గరలో డాక్టరు లేకపోతే 14416కి చేయమనండి. చచ్చిపోవాలనుంది అని పిల్ల నోటినుంచి వస్తే, బెదిరిస్తోంది అనుకోవద్దనండి. ఆ రోజే తీసుకెళ్లాలి, ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. మందులు నడుస్తుండగా సంబంధం కుదిరితే ముహూర్తం సంగతి డాక్టరుకీ చెప్పమనండి. మందు కొనసాగించాలో, ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. పంతులుగారిని అడిగినప్పుడే ఆయన్నీ అడిగితే సరిపోతుంది.

నాకు ఈమధ్య ఒక సంబంధం వచ్చింది. కాకినాడవాళ్లు. మాత్రల సంగతి నేనే అబ్బాయికి చెప్పాను. అతను నాలుగైదు ప్రశ్నలు అడిగాడు, వాటిలో రెండు తెలివైనవి. ఇంట్లో మాట్లాడి చెబుతానన్నాడు. ఇంకా ఏ కబురూ రాలేదు. మా మేనత్త, 'నోరు మూసుకుని ఉంటే ఈపాటికి లగ్నపత్రిక రాసుకునేవాళ్లం' అని అమ్మ మీద గొడవపడి వెళ్లింది. అవనివ్వండి. ఆ సంబంధం వచ్చినా పోయినా వచ్చేవారం నాకు చెకప్ ఉంది, దానికి వెళుతున్నాను.

ఉంటానండీ,
మీలో ఎవరో ఒకరికి మేనకోడలు వరసయ్యే
ఒక ఫార్మసిస్టు

తా.క.: ఈ ఉత్తరం రాసింది ఎవరమ్మాయో కనుక్కోవడానికి రాజమండ్రిలో మందుల షాపులన్నీ తిరగకండి. మా అమ్మకు చదివి వినిపించాకే బయటపెట్టాను. పులస పులుసు ముక్క ఒక్కటి తీసెయ్యమంది, పరువుపోతుందట. తీయలేదు.